బోర్డు మీద గీసిన ఫోను

స్వర్ణలతకు ఆ బడిలో పని దొరికింది 2008 జూలైలో. రాజంపేట నుంచి బస్సులో ముప్పావు గంట, దిగినాక అరటితోటల పక్కన ఇరవై నిమిషాల నడక. జిల్లా పరిషత్ హైస్కూలు. అందరూ ఆమెను కంప్యూటర్ మేడమ్ అనేవాళ్లు గానీ, ఆమె సర్కారు టీచరు కాదు. బళ్లలో కంప్యూటర్లు పెట్టి నేర్పించే పనిని ఒక కంపెనీ కాంట్రాక్టుకు తీసుకుంది. ఆ కంపెనీ పెట్టుకున్న మనిషి ఆమె. హాజరు పుస్తకంలో ఆమె పేరు అందరి కిందా, చేతితో గీసిన వేరే గడిలో ఉండేది.

అప్పటికి ఆమెకు ఇరవై మూడేళ్లు. వాళ్ల నాయన తిరుమలయ్యకు రాజంపేట బజారులో స్టీలు సామాన్ల అంగడి ఉండేది. కడపలో బీఎస్సీ చదివించినాడు. "కంప్యూటరు చదివినోళ్లంతా హైదరాబాదు పోతాంటే నువ్వు ఆ పల్లెకు పోతావా మే?" అని ఒక్కసారి అడిగినాడు.  మొదటి నుంచీ ఆమె తక్కువ మాట్లాడే మనిషి. మరుసటి రోజు క్యారియర్ కట్టుకొని బస్సెక్కింది.

బడిలో పదకొండు కంప్యూటర్లు ఉండేవి. గుడ్డ కప్పి, తాళం వేసిన గదిలో. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఊర్లో కరెంటు ఉండేది కాదు. జనరేటరు ఉండేది, డీజిలు ఉండేది కాదు. ఇక బోర్డే గతి. మౌసు బొమ్మ గీసి ఇది మౌసు అని, మానిటరు బొమ్మ గీసి ఇది మానిటరు అని చెప్పేది. పిల్లలు గీసుకునేవాళ్లు. పక్క గది కిటికీ అవతల అసలు కంప్యూటర్లు గుడ్డ కింద ఉండేవి.

ఒకరోజు తొమ్మిదో తరగతిలో ఉదయశ్రీ అనే పిల్ల లేచి నిలబడింది. "మేడమ్, కంప్యూటరు మా ఇంట్లో లేదు. ఫోను ఉండాది. మా అవ్వకు ఎత్తేది రాదు. అమ్మ చేస్తే కట్ చేస్తాది. అది చెప్పండి మేడమ్."

క్లాసంతా నవ్వింది. స్వర్ణలత నవ్వలేదు. "ఎంతమంది ఇండ్లలో ఫోను ఉండాది?" అని అడిగింది. నలభై మందిలో ముప్పై చేతులు లేచినాయి. "ఎవరెవరి అమ్మ గానీ నాయన గానీ కువైటులో ఉండారు?" పందొమ్మిది చేతులు. ఆ పక్క ఊర్లన్నీ అంతే. ఆడోళ్లు ఇండ్లలో పనికి, మొగోళ్లు బండ్లు తోలేదానికి కువైటు పోతారు. పోయేముందు ఇంట్లో ఒక ఫోను కొనిచ్చి పోతారు.

బడికి మాత్రం ఫోను తేకూడదు. గేటు పక్క గోడ మీద ఎర్ర పెయింటుతో రాసి ఉండేది. దొరికితే హెడ్మాస్టరు బీరువాలోకి పోతాది, పెద్దోళ్లు వస్తేనే మళ్లీ ఇస్తారు.

అందుకని స్వర్ణలత బోర్డు మీద ఫోను గీసింది. నిలువుగా ఒక పెద్ద డబ్బా, పైన తెర, కింద పన్నెండు బటన్లు. రెండు మీద ఏబీసీ, మూడు మీద డీఈఎఫ్. పిల్లలు నోటుపుస్తకాల్లో ఒక్కో పేజీకి ఒక్కో ఫోను గీసుకున్నారు. 'అమ్మ' అని ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలంటే రెండును ఒకసారి, ఆరును ఒకసారి, ఆగి మళ్లీ ఆరును ఒకసారి, చివర రెండును ఒకసారి నొక్కాల. పిల్లలు కాగితం మీద వేళ్లతో నొక్కేవాళ్లు. నలభై మంది ఒకేసారి నొక్కితే గదిలో వాన చినుకులు పడినట్టు సద్దు వచ్చేది. కువైటు నంబరు ముందు తొమ్మిది ఆరు అయిదు ఉంటాదని, లాటరీ తగిలిందని మెసేజి వస్తే నమ్మొద్దని, ఎవరైనా ఫోటో తీస్తామంటే ఎందుకని అడగమని చెప్పేది.

హెడ్మాస్టరు మహానంది ఒకరోజు కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు చూసినాడు. ఆయనది నంద్యాల పక్క. రెండేళ్లలో రిటైరయ్యే మనిషి.

"బొమ్మ వరకైతే పర్వాలేదమ్మా," అన్నాడు. "బొమ్మ మోగదు."

ఉదయశ్రీ తల్లి నాగలక్ష్మమ్మ కువైటుకు పోయి అప్పటికి ఏడాదిన్నర. ఇంట్లో ఉదయశ్రీ, అవ్వ అలివేలమ్మ, ఇద్దరే. నాగలక్ష్మమ్మ పనిచేసే ఇంటామె ఫోను మాట్లాడనిచ్చేది కాదు. పిల్లల్ని బడిలో దింపేదానికి ఆమె బయటికి పోయినప్పుడు మాత్రం అరగంట సందు దొరికేది. అక్కడ ఎనిమిదిన్నర అంటే ఇక్కడ పదకొండు. అవ్వకు చెవి సరిగా వినపడదు. అందుకని ఉదయశ్రీ ఫోనును గుడ్డలో చుట్టి, పుస్తకాల మధ్య పెట్టుకొని బడికి తెచ్చుకునేది. మోత రాకుండా పెట్టేది స్వర్ణలతనే నేర్పింది, కంప్యూటరు గదిలో, తలుపు మూసి. పదకొండు గంటల విరామంలో ఉదయశ్రీ ఆ గదిలోకి వచ్చి, గుడ్డ కప్పిన కంప్యూటర్ల వెనక కూర్చొని మాట్లాడిపోయేది. మూడు నిమిషాలు, నాలుగు నిమిషాలు. స్వర్ణలత అటు తిరిగి రికార్డులు రాసుకునేది.

సెప్టెంబరు చివర, మూడు నెలల పరీక్షలప్పుడు, పదో తరగతి గదిలో ఒక ఫోను మోగింది. ఎవరిదో తేలలేదు. మహానందికి కోపం వచ్చింది. పరీక్ష అయిన వెంటనే అన్ని తరగతుల సంచులూ చూడమన్నాడు. బడిలో ఆడ టీచర్లు స్వర్ణలతతో కలిపి ఇద్దరే. ఒకామె సెలవులో ఉంది.

"ఆడపిల్లల సంచులు నువ్వు చూడమ్మా," అన్నాడు స్వర్ణలతతో.

తొమ్మిదో తరగతి పిల్లలు నేల మీద వరసగా కూర్చొని ఉన్నారు. మహానంది గడపలో నిలబడినాడు. పక్కన అటెండరు ఏసేపు, చేతిలో టీ గ్లాసులు తెచ్చే పళ్లెం. అందులో అప్పటికే నాలుగు ఫోన్లు ఉన్నాయి. స్వర్ణలత ఒక్కో సంచీ తెరిచి, చూసి, ఇచ్చేస్తూ వచ్చింది. ఉదయశ్రీ తన సంచీ తానే అందించింది. ఆ పిల్ల మొహంలో భయం లేదు. మేడమ్‌కు తెలుసు కదా అనే ధీమా ఉంది.

స్వర్ణలత చేయి పెట్టింది. వేళ్లకు గుడ్డ తగిలింది. గుడ్డలో గట్టిగా ఫోను. చేయి అక్కడే ఆగింది.

"ఏముందమ్మా దాంట్లో?" అన్నాడు మహానంది.

'ఏమీ లేదు సార్' అని చెప్పి ఉండొచ్చు. తర్వాత చాలాసార్లు అనుకుంది, అంత చిన్న మాట అని. సంచీ మూసి ఇచ్చేసి ఉంటే ఎవరూ మళ్లీ తెరిచి చూసేవాళ్లు కాదు. ఆ క్షణంలో ఆమెకు అట్లాంటిది ఏదీ తోచలేదు. చేయి బయటికి వచ్చింది, ఫోనుతో. లేచి గడప దాకా పోయి పళ్లెంలో పెట్టింది. వెనక్కి వచ్చి తర్వాతి పిల్ల సంచీ తీసుకుంది.

ఉదయశ్రీ ఏడవలేదు. సంచీలో పుస్తకాలు సర్దుకుంది.

మధ్యాహ్నం స్వర్ణలత ఆఫీసు గదిలోకి పోయింది. "సార్, ఆ పిల్ల వాళ్లమ్మ కువైటు నుంచి చేస్తాది. ఆమెకు పదకొండు గంటలకే వీలవుతాది."

"తెలుసమ్మా. సగం బడి అమ్మలు ఆడనే ఉండారు. ఒకరికి ఇస్తే అందరికీ ఇయ్యాల." ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టినాడు. "పోయిన సంవత్సరం నువ్వు లేవు. ఎనిమిదో తరగతి పిల్ల నీళ్లు తాగుతాంటే ఒకడు ఫోటో తీసినాడు. ఊరంతా తిరిగింది ఆ ఫోటో. తప్పేమీ లేదు దాంట్లో, వొట్టి ఫోటో. వాళ్ల నాయన పిల్లను బడి మాన్పించినాడు. ఫోటో తీసినోడు ఇప్పుడు కాలేజీకి పోతాండాడు. నేను పోయి ఆ ఇంటి ముందర నిలబడితే తలుపు తీయలేదు."

కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు.

"సోమవారం వాళ్లవ్వను రమ్మను. ఇచ్చేస్తా," అన్నాడు ఆయన.

సోమవారం అలివేలమ్మ మూడు కిలోమీటర్లు నడిచి వచ్చింది. మహానంది మీటింగుకని కడపకు పోయి ఉన్నాడు, బీరువా తాళం ఆయన దగ్గరే. ముసలామె వరండాలో సాయంత్రం దాకా కూర్చొని పోయింది. మంగళవారం దసరా సెలవులు మొదలైనాయి. స్వర్ణలత హెడ్మాస్టరుకు ఫోను చేసింది. ఆయన అప్పటికే సొంతూరి బస్సులో ఉన్నాడు. "పన్నెండు దినాలే కదమ్మా," అన్నాడు. "బడి తెరిచిన దినమే ఇస్తా."

ఆ పన్నెండు రోజులూ ఆమె నాయన అంగట్లో కూర్చుంది. పండగ బేరం. బిందెలు, పళ్లేలు, కొత్తగా పెళ్లయినోళ్లకు గిన్నెల వరసలు. గోడ గడియారం పదకొండు కొట్టినప్పుడల్లా ఒకసారి తలెత్తి చూసేది. అంతకుమించి ఏమీ లేదు. బాధ అని చెప్పేదానికి లేదు. అన్నం తినేది, నిద్ర పట్టేది. నాలుక కాలినప్పుడు రెండు రోజులు రుచి తెలియకుండా పోతాదే, ఒళ్లంతా అట్లా ఉండేది.

బడి తెరిచిన రోజు మహానంది మాట ప్రకారం ఫోను ఇచ్చినాడు. ఛార్జింగు అయిపోయి చచ్చిపడి ఉంది. ఉదయశ్రీ ఇంటికి తీసుకుపోయింది. వారం తర్వాత స్వర్ణలత అడిగితే, "అమ్మ చేయలేదు మేడమ్," అంది. ఇంకో వారం తర్వాత కూడా అదే మాట. తల్లి నంబరుకు వీళ్లు చేస్తే ఏదో తెలియని భాషలో ఒక ఆడగొంతు రెండు మాటలు చెప్పి కట్టయ్యేది. తల్లిని కువైటుకు పంపించిన ఏజెంటు దగ్గరికి పోతే, "బాగానే ఉంటాది లేవ్వా, బెంగ పెట్టుకోవద్దు," అని పంపించినాడు.

నవంబరులో పక్క ఊరి రామలక్ష్మమ్మ కువైటు నుంచి వచ్చింది. నాగలక్ష్మమ్మ పనిచేసే వీధిలోనే ఆమె కూడా పనిచేసేది. ఆమె వచ్చిందని తెలిసి ఉదయశ్రీ స్వర్ణలతను పిలిచింది. బడి వదిలినాక స్వర్ణలత, పిల్ల, అవ్వ ముగ్గురూ ఆమె ఇంటికి పోయినారు.

రామలక్ష్మమ్మ చేటలో శనక్కాయలు పెట్టి ముందుకు జరిపింది.  తర్వాత చెప్పింది.

"దసరా ముందర ఆ ఇంటామె దాని చేతి మీద వేడి నూనె పోసింది. ఫోను గుంజుకుంది. అది తట్టుకోలేక ఇల్లు ఇడిసిపెట్టి బయటికొచ్చింది. రెండు దినాలు నా రూములో దాచిపెట్టినా. ఆ పైన పెట్టుకుంటే నాకూ ముప్పే. ఆడ మనోళ్ల రూములు నాలుగైదు ఉండాయి, ఒక్కోచోట ఒక్కో దినం ఉన్నింది. దొరికినోళ్ల ఫోనల్లా అడుక్కొని ఇంటికే చేసేది. ఎప్పుడు చేసినా స్విచ్చాఫే. దానికి ఆ ఒక్క నంబరే నోటికి వస్తాది. ఏజెంటు నంబరు ఫోనులోనే పాయె. ఎన్ని దినాలు చేసిందో ఆ మాదిరి. అవ్వకు ఏమన్నా అయిపోయిందేమో, పిల్ల యాడుందో అని ఒకటే ఏడుపు. ఒకనాడు పొద్దున లేచి చూస్తే లేదు. యాడికి పోయిందో ఎవరికీ తెలీదు."

అలివేలమ్మకు సగమే వినపడింది. "ఏమంటాంది మే?" అని మనవరాలిని అడిగింది. ఉదయశ్రీ అవ్వ చెవి దగ్గరికి వంగి, "అమ్మ ఆ ఇల్లు మారిందంట," అంది.

స్వర్ణలత శనక్కాయ ఒకటి వొలిచింది. ఇట్లాంటి మాట వింటే గుండె జల్లుమంటుందని అనుకునేది. ఏమీ కాలేదు. చేటలో ఎన్ని ఉన్నాయో, గోడకు ఏ రంగు సున్నమో, అవన్నీ చాలా స్పష్టంగా కనిపించినాయి.

"పాస్‌పోర్టు జిరాక్సు ఇంట్లో ఉందా?" అని అడిగింది.

ఉంది. దేవుని పటం వెనక, ప్లాస్టిక్ కవరులో.

మరుసటి రోజు ఆమె మహానందికి జరిగింది చెప్పింది. అంతా చెప్పింది, తారీకులతో సహా.  ఆయన బల్ల మీద ఉన్న కాగితాలను ఒకటి మీద ఒకటి సరిగ్గా పెట్టినాడు. "ఎవరికి రాస్తావు?" అన్నాడు చివరికి.

"కువైటులో ఉండే మన దేశం ఎంబసీకి. మెయిల్ పెడతా సార్."

"నా పేరు కూడా రాయి. బడి కాగితం మీద ముద్ర వేసిస్తా, స్కాన్ చేయించి దాన్ని కూడా పంపు." సొరుగు తెరిచి, ముద్ర తీసి, ఇంకు ప్యాడు మీద ఒత్తినాడు. ప్యాడు ఎండిపోయి ఉంది. నీళ్ల చుక్కలు వేసి మళ్లీ ఒత్తినాడు.

ఆదివారం ఉదయశ్రీ రాజంపేట వచ్చింది. బస్టాండు ఎదురుగా మేడ మీద నెట్ సెంటర్ ఉండేది, చెక్క గదులు, ఒక్కో గదికి ఒక కర్టెన్. స్వర్ణలత ఇంగ్లీషులో రాసుకొచ్చిన కాగితం పక్కన పెట్టి, "నువ్వే కొట్టు," అంది. కరెంటు ఉన్నప్పుడు ఉదయశ్రీ బడిలో కీబోర్డు ముట్టుకున్నది మొత్తం నాలుగైదు సార్లు. ఒక్కో అక్షరం వెతికి వెతికి ఒక వేలితో కొట్టింది. తల్లి పేరు, పాస్‌పోర్టు నంబరు, ఆ ఇంటి వీధి పేరు, చివరిసారి ఎవరు చూసినారు, ఎప్పుడు. గంటన్నర పట్టింది. కాగితంలో ఉన్నదంతా అయిపోయినాక ఆ పిల్ల ఆగి, "నేను ఒక మాట రాయొచ్చా మేడమ్?" అని అడిగింది. రాయమంది స్వర్ణలత.

తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది. 'అమ్మకు చెప్పండి, ఫోను ఇప్పుడు ఆన్‌లోనే ఉండాది.'

స్వర్ణలత దాన్ని తీసేయలేదు. పంపించే బటన్ మీద తానే నొక్కింది.

మూడు వారాలు జవాబు రాలేదు. ప్రతి ఆదివారం ఇద్దరూ పోయి చూసేవాళ్లు. నాలుగో ఆదివారం రెండు లైన్లు వచ్చినాయి. ఆ పేరుగల ఆమె మూడు దినాల కిందట తమ దగ్గరికి వచ్చి చేరిందని, దిక్కులేనివాళ్లను ఉంచే చోట క్షేమంగా ఉందని, కాగితాలు తయారైనాక పంపిస్తామని. ఉదయశ్రీ ఆ రెండు లైన్లూ చదివి, అర్థమైందో లేదో అని మళ్లీ చదివి, అప్పుడు ఏడ్చింది. నెట్ సెంటర్ మనిషి కర్టెన్ తీసి చూసి మళ్లీ వేసినాడు. స్వర్ణలత పిల్ల వీపు మీద చేయి పెట్టింది. తనకూ ఏడుపు వస్తే బాగుండునని అనుకుంది. రాలేదు.

కాగితాలకు మూడు నెలలు పట్టింది. 2009 మార్చి నెలలో నాగలక్ష్మమ్మ తిరిగొచ్చింది. వచ్చిన వారానికి బడికి వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది. ఎడమచేతి మీద మోచేతి దాకా చర్మం ముడతలు పడి, రంగు మారి ఉంది. కంప్యూటరు గది గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

"మీరే కదమ్మా ఆ కాగితం రాసిండేది."

"రాసింది మీ అమ్మాయి. నేను పక్కన కూర్చున్నా." స్వర్ణలత లేచి నిలబడింది. ఈ మాట చెప్పాలని ఆరునెలలుగా అనుకుంటూ ఉంది. "ఆ దినం సంచీలో నుంచి ఫోను తీసిచ్చింది నేనేనమ్మా."

నాగలక్ష్మమ్మ ఆమెను చూసింది. కోపంగా కాదు, ప్రేమగానూ కాదు. బస్సులో పక్క సీటు మనిషిని చూసినట్టు చూసింది.

"ఉదయ చెప్పింది. మీరు తీయకుంటే ఇంకొకరు తీసుందురు."

"ఇంకొకరికి తెలీదు కదమ్మా. నాకు తెలుసు."

నాగలక్ష్మమ్మ కిందికి చూసింది. "ఆ దినాలు నన్ను అడగొద్దమ్మా. ఉదయ కూడా అడగదు. నేను ఎవరినీ అనలేదు, మిమ్మల్ని కూడా." ఎడమచేతి మీదికి కొంగు లాక్కొని మళ్లీ అంది, "నాకు అక్షరం రాదు. ఫోనులో ఎవరి పేరు ఎవరిదో తెలీదు. ఆకుపచ్చ బటన్ నొక్కేది ఒకటే తెలుసు. వచ్చే నెల మా చెల్లెలు పోతాంది అదే దేశానికి. వద్దంటే ఇనదు. దానికన్నా చెప్తారా?"

"ఎప్పుడు?"

"ఆదివారమైతే ఇద్దరం వస్తాం."

బడికి ఫోను తేకూడదనే మాట గోడ మీద అట్లానే ఉంది. జూన్‌లో బడి తెరిచినప్పుడు మాత్రం ఏసేపు బల్ల మీద ఒక బూట్ల అట్టపెట్టె కనిపించింది. తల్లిగానీ తండ్రిగానీ బయటి దేశంలో ఉన్న పిల్లలు పొద్దున ఫోను అందులో పెట్టి పోవచ్చు, మోగితే ఏసేపు పిల్లను పిలుస్తాడు. మహానంది అసెంబ్లీలో ఈ సంగతి రెండు మాటల్లో చెప్పి, తర్వాత చెట్లకు నీళ్లు పోయడం గురించి మాట్లాడినాడు.

ఆదివారం మధ్యాహ్నాలు తిరుమలయ్య అంగడి సగం షట్టరు దించి ఉండేది. మొదట నాగలక్ష్మమ్మ, చెల్లెలు వచ్చినారు. తర్వాత చెల్లెలితో పాటు పోయేవాళ్లు ఇద్దరు. ఆ తర్వాత ఎవరు ఎవరికి చెప్పినారో, వీసా వచ్చిన ఆడోళ్లు పోయేముందు ఒకటి రెండు ఆదివారాలు వచ్చిపోయేది అలవాటైంది. తిరుమలయ్య బిందెలు పక్కకు జరిపి చాప వేసేవాడు. "ఏందో మే, నీ బడి ఈడికే వచ్చింది," అన్నాడు ఒకసారి. ఆమె ఊ అంది.

వాళ్లు దండాలు పెట్టేవాళ్లు, గోంగూర కట్టలు తెచ్చేవాళ్లు. మంచి పని చేస్తాండావమ్మా అనేవాళ్లు. స్వర్ణలత వినేది. లోపల ఎక్కడా ఏదీ కదిలేది కాదు. ఇద్దరు వచ్చినా చెప్పేది, పదిమంది వచ్చినా చెప్పేది. ఒకరోజు ఎవరూ రాలేదు. ఆరోజు కూడా నాలుగు దాకా చాప మీదనే కూర్చుంది.

ఆగస్టులో ఒక ఆదివారం ఆరుమంది వచ్చినారు. ఒకామె చంటిబిడ్డను ఎత్తుకొని ఉంది. పది రోజుల్లో ఆమె ప్రయాణం. స్వర్ణలత అందరినీ ఇంటి నంబరు చూడకుండా చెప్పమంది. తర్వాత ఇంకొకరి నంబరు, పక్కింటోళ్లదో, అంగడిదో, చెప్పమంది. బిడ్డతల్లికి రెండోది రాలేదు.

"ఎవరిది పెట్టుకోవాల మేడమ్? మాకు ఎవరూ లేరు," అందామె.

స్వర్ణలత తన నంబరు చెప్పింది. బిడ్డతల్లి దాన్ని తప్పు చెప్పింది. మళ్లీ చెప్పింది. ఏడో అంకె దగ్గర మళ్లీ తప్పింది. బిడ్డ ఏడుపు మొదలుపెడితే ఒళ్లో వేసుకొని పాలు పట్టిస్తూ, కళ్లు మూసుకొని, మొదటి నుంచి ఒక్కో అంకే చెప్పుకుంటూ వచ్చింది. స్వర్ణలత ఎదురుగా కూర్చొని, ప్రతి అంకెకూ ఊ కొడుతూ విన్నది.